ఈగ రెక్క మీది వెంట్రుకలు ఉద్యోగం ఇస్తాయా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ జువాలజీ పూర్తి చేసింది. ఈగల రెక్కల ఈనెల మీద వెంట్రుకలు ఎలా ఉన్నాయో చూసి వాటిని వర్గీకరించే పీహెచ్‌డీ చేస్తానంటోంది. ఈ వెంట్రుకలు లెక్కపెట్టే చదువెందుకు, డీఎన్‌ఏ బార్‌కోడింగ్ తీసుకో అంటే వినదు. రెండిట్లో ఏది మేలు?

జవాబు: మీరడిగింది ఏది మేలని. నాకు వినిపించింది మాత్రం, 'రేపు మేం లేనప్పుడు పిల్ల ఎలా బతుకుతుంది' అన్న భయం. నాచు మీదో, పీతల మీదో పరిశోధన చేస్తామన్న పిల్లల తల్లిదండ్రులందరిదీ ఇదే టెన్షన్.

'వెంట్రుకలు లెక్కపెట్టే చదువు' అన్న మాట తన ముందు అనలేదు కదా? అని ఉంటే ఈరోజే వెనక్కి తీసుకోండి. తనేం చూడబోతోందో మీరు ఒక్కసారైనా అడిగారా?

లూసీలియా, క్రైసోమియా అని రెండు రకాల మెరిసే ఆకుపచ్చ ఈగలున్నాయి. చూడటానికి అక్కచెల్లెళ్లే. రెక్క మొదట్లో ఉండే స్టెమ్ వెయిన్ అనే ఈనెను మైక్రోస్కోప్ కింద పైనుంచి చూస్తే, క్రైసోమియాకు వెంట్రుకల వరుస కనిపిస్తుంది, లూసీలియాకు నున్నగా ఉంటుంది. శవం మీద ఇలాంటి ఈగలు పెట్టిన గుడ్ల నుంచి వచ్చిన పురుగుల వయసును బట్టి మరణ సమయం అంచనా వేస్తారు. ఒక్కో జాతి ఒక్కో వేగంతో పెరుగుతుంది కాబట్టి, ఈగ ఏదో తేలకపోతే ఆ లెక్క తప్పుతుంది. చూపు పోగొట్టే పరాన్నజీవిని మోసే సిమూలియం ఈగల్లోనూ ఉపప్రజాతులను, అంటే లోపలి చిన్న గుంపులను, విడదీయడానికి రేడియస్ ఈనె మొదట్లో వెంట్రుకలున్నాయా అని చూస్తారు. పాత నమూనాలో వెంట్రుక ఊడిపోయినా అది నాటుకున్న గుంట మిగులుతుంది.

బార్‌కోడింగ్ మంచి పద్ధతే. 2003లో పాల్ హెబర్ట్ బృందం ప్రతిపాదించింది. ఒక జన్యువులో సుమారు 650 డీఎన్‌ఏ అక్షరాల ముక్క చదివి జాతిని గుర్తిస్తారు. అందరూ అటే వెళ్తున్నారని వెళ్లడం మీదే నాకు అనుమానం. ఆ ముక్కను పోల్చి చూడాలంటే, ముందు ఎవరో ఒకరు ఈగను కళ్లతో చూసి సరైన పేరు రాసిపెట్టి ఉండాలి. ఆ పేరు తప్పయితే, తర్వాత వెతికిన ప్రతివాళ్లకూ ఆ తప్పే జవాబుగా వస్తుంది. పైగా లూసీలియా సీజర్, లూసీలియా ఇలస్ట్రిస్ లాంటి జంటలను ఆ ముక్క నమ్మకంగా విడదీయలేదు, మగ ఈగ జననాంగాలు చూడాల్సిందే. మెషీన్ నడపడం ఒక్కటే వచ్చినవాళ్ల పనిని రేపు ఇంకో మెషీన్ చేస్తుంది.

నిజం దాచను, వర్గీకరణలో శాశ్వత ఉద్యోగాలు తక్కువ. మ్యూజియాలు, మొక్కల క్వారంటైన్, ఫోరెన్సిక్ ల్యాబ్‌లు, వ్యాధుల్ని మోసే కీటకాల మీద పనిచేసే సంస్థలు, అంతే. కానీ అక్కడికి కావలసిన చూపు ఉన్నవాళ్లూ తక్కువే, ఆ చూపు రావడానికి ఏళ్లు పడుతుంది. తను ఇప్పుడే మొదలుపెట్టడం మంచిది.

ఒక్క జాగ్రత్త. దగ్గరి చుట్టరికం లేని ఈగల్లో కూడా ఇలాంటి వెంట్రుకలు విడివిడిగా రావచ్చు, అందుకని ఆ ఒక్క లక్షణం మీదే థీసిస్ నిలబెట్టకూడదు. అదే ఈగ కాలు ఒకటి తీసి డీఎన్‌ఏ కూడా చేయనిస్తారా అని గైడ్‌ను అడగమనండి. సరే అంటే చేరనివ్వండి.