పసివాడి చేతిలో పిల్లి తోక

ప్రశ్న: మా బాబుకు ఏడాదిన్నర. ఇంట్లో పెంచుకుంటున్న పిల్లి తోక పట్టుకుని లాగుతుంటాడు. ఈ ఉదయం అది వాడి చేతిని రక్కింది. పిల్లిని ఎవరికైనా ఇచ్చేయమని మా అత్తగారు అంటున్నారు. వాడికి నెమ్మది నేర్పే మార్గం ఉందా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ముందు గాయం సంగతి చూడండి. రక్కిన చోటును సబ్బుతో, ధారగా పారే నీటితో 15 నిమిషాలు కడగాలి. పెంపుడు పిల్లే కదా అని ఊరుకోకుండా, రేబిస్ టీకా విషయమై వెంటనే వైద్యులను కలవండి.

ఇక నేర్పడమంటారా, ఈ వయసు పిల్లలకు తమ చేతిని తాము ఆపుకునే శక్తి ఇంకా రాదు గనుక, ‘లాగకు’ అని అరవడం కన్నా, వాడి అరచేతిని విప్పి మీ చేతిలో ఉంచుకుని, పిల్లి తలమీదా బుగ్గలమీదా వెంట్రుకల వాలున మెల్లగా నిమిరించడం మేలు. పొట్ట, తోక జోలికి పోనివ్వకండి. పిల్లి తోకను విసురుగా ఆడించినా, చెవులు వెనక్కి అణచినా ఆట అక్కడితో ఆపేయాలి. బీరువాపైనో అటకమీదో బాబుకు అందని చోటొకటి దానికి ఉండాలి. తప్పించుకునే దారి ఉన్న పిల్లి సాధారణంగా గోళ్లదాకా రాదు. పెద్దవాళ్లు దగ్గర లేకుండా బాబునూ పిల్లినీ ఒకచోట వదలవద్దు. అత్తగారి భయం న్యాయమైనదే కానీ, పిల్లిని పంపేయవలసిన అవసరం నాకు కనిపించడం లేదు; నిమరడం ఎలాగో మనవడికి ఆమెనే చూపించమనండి.