సాఫ్ట్‌వేర్‌కి పేటెంట్ రాదంటున్నారు, నిజమేనా?

తక్కువ మెమరీ ఉన్న ఫోన్లలో కూడా పెద్ద ఫోటోలు ఆగకుండా తెరుచుకునేలా ఒక యాప్ చేశామని, దానికి పేటెంట్ వస్తుందా అని మీరు అడిగారు. "సాఫ్ట్‌వేర్‌కి పేటెంట్ ఇవ్వరు, వదిలెయ్" అని మీ ఫ్రెండ్ అన్నారట. ఆయన చెప్పింది సగం నిజం. మిగతా సగం తెలుసుకోవడానికి నాకు దాదాపు నాలుగేళ్లు పట్టింది.

భారత పేటెంట్ చట్టం సెక్షన్ 3(కె)లో ఉన్న మాట "కంప్యూటర్ ప్రోగ్రామ్ పర్ సే". అంటే ఉత్త ప్రోగ్రామ్‌గా చూస్తే పేటెంట్ రాదని. ఆ ప్రోగ్రామ్ వల్ల యంత్రం పనితీరులో సాంకేతికమైన మార్పు వస్తే కథ వేరు. 2019లో ఫెరీద్ అల్లానీ కేసులో ఢిల్లీ హైకోర్టు చెప్పింది ఇదే. యూరప్ చట్టంలోనూ దాదాపు ఇలాంటి మెలికే ఉంది. అమెరికాలో 2014లో అక్కడి సుప్రీంకోర్టు ఆలిస్ కేసులో ఇచ్చిన తీర్పు తర్వాత, పాత ఆలోచనను కంప్యూటర్ మీద నడిపించామంటే సరిపోవడం లేదు. కానీ 1981లో అదే సుప్రీంకోర్టు, రబ్బరు అచ్చులోని వేడిని కొలుస్తూ ఎప్పటికప్పుడు లెక్కకట్టి, సరైన క్షణంలో ప్రెస్ తెరిచే పద్ధతికి పేటెంట్ ఇవ్వొచ్చంది. లెక్క ఎప్పటి నుంచో ఉన్నదే, కానీ దాంతో రబ్బరు సరిగ్గా ఉడికింది!

ఇక నా సంగతి. సిగ్నల్ సరిగా అందని చోట ఉండే సెన్సర్ల నుంచి డేటా తెప్పించే పద్ధతి ఒకటి తయారుచేశాం. మధ్యలో లైన్ తెగితే ఫైలంతా మళ్లీ మొదటి నుంచి పంపకుండా, సిగ్నల్ బలాన్ని బట్టి ముక్కల సైజు మార్చి, చేరని ముక్కలే పంపుతుంది. అదే దరఖాస్తులో, ముందు ఎవరి డేటా పంపాలో వాళ్లు కట్టే రేటును బట్టి తేల్చే పద్ధతినీ ఇరికించాం. అత్యాశ. అది వ్యాపార పద్ధతి, దానికి పేటెంట్ రాదని పేటెంట్ ఆఫీసు వాళ్లు మొదటి పరీక్ష రిపోర్టులోనే కొట్టేశారు. అసలుదాన్ని "ఇది ఆల్గారిథమ్ మాత్రమే" అన్నారు.

కోపం వచ్చింది కానీ, మా స్పెసిఫికేషన్ (దరఖాస్తుతో ఇచ్చే పూర్తి వివరణ) మళ్లీ చదివితే తప్పు మాదేనని అర్థమైంది. కస్టమర్లకు చూపించే ప్రెజెంటేషన్ నుంచి నేనే సగం ఎత్తి రాశాను. ఎక్కడ చూసినా "వేగం", "సౌకర్యం", "వినియోగదారుడికి మెరుగైన అనుభవం". మా పేటెంట్ ఏజెంటు దాన్ని అలాగే దాఖలు చేశారు. సెన్సర్‌లో సిగ్నల్ పంపే రేడియో ఎంతసేపు ఆన్‌లో ఉంటోంది, బఫర్ (పంపాల్సిన డేటా కాసేపు ఆగే మెమరీ) ఎంత నిండుతోంది అని మేం కొలిచిన లెక్కలన్నీ నా ల్యాప్‌టాప్‌లోనే ఉండిపోయాయి. హియరింగ్ ముందు వాటిని చేర్చుదామంటే కుదరదన్నారు. దాఖలు చేసిన రోజు స్పెసిఫికేషన్‌లో లేని సంగతి తర్వాత అందులోకి ఎక్కదు. ఈ నియమం అమెరికా, యూరప్, భారత్ అన్నిచోట్లా ఉంది.

మమ్మల్ని కాపాడింది నాలుగో బొమ్మ. అందులో ఒక డబ్బా, దాని మీద "రేడియో ఆఫ్", కింద రెండు లైన్ల వివరణ. చోటు దండగ అని దాన్ని తీసేయబోయి మర్చిపోయాను. క్లెయిములన్నీ (మాకే హక్కు కావాలని అడిగే అంశాలు) ఆ రెండు లైన్ల మీదికి కుదించి రాస్తే పేటెంట్ వచ్చింది. ఎంత ఇరుకుగా వచ్చిందంటే, రేడియో ఆపకుండా ముక్కలు పంపే వాళ్లను మేం ఏమీ అనలేం.

అందుకే ఏజెంటు దగ్గరికి వెళ్లేముందు ఒక కాగితం మీద "వాడేవాడికి ఏం ఒరిగింది" అని కాకుండా ఫోన్ లోపల ఏం మారిందో రాయండి. ఫోటో మొత్తాన్ని మెమరీలోకి తేకుండా కనిపించే భాగమే విప్పుతున్నారా? ఏ భాగం ముందు విప్పాలో ఎలా తేలుస్తున్నారు? మామూలు పద్ధతిలో ఎంత మెమరీ పడుతోంది, మీ పద్ధతిలో ఎంత? ఇవన్నీ మొదటి రోజే లోపల ఉండాలి. అలా రాసినా కొత్తదనం పరీక్ష వేరే ఉంటుంది, అది ఇంకో పెద్ద కథ.

కొత్త హార్డ్‌వేర్ చూపించాలని ఎక్కడైనా చదివితే కంగారు పడకండి. మన పేటెంట్ ఆఫీసు 2016 మార్గదర్శకాల్లో ఆ షరతు ఉండేది, 2017లో తీసేశారు. పాత వ్యాసాలు ఇంకా తిరుగుతున్నాయి.

యాప్ ఎప్పుడు విడుదల చేశారో మీరు రాయలేదు. మీ పద్ధతి అందరికీ తెలిసిపోయేలా బయటపెట్టేసి ఉంటే యూరప్‌లో దాదాపు దారి మూసుకున్నట్టే. అమెరికాలో మీరు బయటపెట్టిన రోజు నుంచి ఏడాది గడువు ఉంటుంది. ముందు ఆ తేదీ, కోడ్ గానీ వివరాలు గానీ ఎక్కడైనా పోస్ట్ చేశారా అన్నదీ చూసుకుని ఇక్కడ చెప్పండి.