ఈఆర్‌సీలో కొలువు కావాలంటే ఏఈ పరీక్ష మానేయాలా?

ప్రశ్న: నమస్తే సార్. మాది నర్సంపేట దగ్గర పల్లె, నేను లైన్‌మన్‌గా చేస్తున్న. మా బిడ్డ వరంగల్‌లో బీటెక్ ఈఈఈ మూడో సంవత్సరం. కాలేజీలో ‘రాష్ట్ర ఇంధన విధానానికి దారి చూపేందుకు ప్రత్యేకంగా ఒక కమిషన్ పెట్టాలా’ అని డిబేట్ పెడితే ఫస్ట్ వచ్చింది. అప్పటి నుంచి ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) పరీక్ష రాయనంటున్నది, అసొంటి కమిషన్‌లోనే పని చేస్త అంటున్నది. అట్లాంటి కొలువులు నిజంగ ఉంటయా? పర్మినెంటేనా? ఇంట్ల రోజూ ఇదే లొల్లి.

జవాబు: అన్నా, ముందు బిడ్డకు నా తరఫున శెభాష్ అని చెప్పండి. ఈఈఈ చదివే పిల్లల్లో చాలామంది నా దగ్గరికొచ్చి సాఫ్ట్‌వేర్‌లోకి ఎట్లా పోవాలి సార్ అనే అడుగుతారు, కరెంటు గురించి అడిగేవాళ్లు తక్కువ.

కొలువుల సంగతికి వచ్చేముందు కమిషన్ అన్న మాట దగ్గర ఒక చిక్కుంది, అది విప్పుకుందాం. పేపర్లో కమిషన్ అని చదవగానే మనకు విచారణ కమిషన్ గుర్తొస్తుంది. ఛత్తీస్‌గఢ్ కరెంటు కొనుగోలు మీద, భద్రాద్రి, యాదాద్రి ప్లాంట్ల మీద 2024లో మన ప్రభుత్వం వేసింది ఆ రకమే. 1952 నాటి చట్టం కింద వేస్తారు, ఒక రిటైర్డ్ జడ్జి కూర్చుని కాగితాలు చూసి, పిలవాల్సినవాళ్లను పిలిచి, రిపోర్టు ఇస్తారు, దాంతో దుకాణం బంద్. అందులో కెరీర్ వెతుక్కోవడమంటే పెళ్లి పందిట్లో అద్దెకు ఇల్లు అడిగినట్టే.

ఎప్పటికీ ఉండే కమిషన్ ఇంకొకటి ఉంది. విద్యుత్ నియంత్రణ మండలి, మీరంతా ఆఫీసులో ఈఆర్‌సీ అనేది. దేశంలో మొదట ఒడిశాలో 1996లో వచ్చింది, 1998లో కేంద్రం చట్టం చేసింది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో మొదలైంది. అదే ఏడు ఫిబ్రవరి 1న విద్యుత్ బోర్డును కరెంటు తయారు చేసే జెన్‌కో, దాన్ని పెద్ద లైన్ల మీద మోసే ట్రాన్స్‌కోలుగా విడగొట్టారు, మరుసటేడు ఇంటింటికీ పంచే డిస్కంలు వచ్చాయి, వాటిలో ఉత్తర డిస్కం మన వరంగల్ కేంద్రంగా వచ్చింది. మీ సీనియర్లలో ఎవరైనా బోర్డు రోజుల నుంచి ఉన్నవాళ్లుంటే కూర్చోబెట్టి అడగండి, ఒక పూట సరిపోదు. తెలంగాణకు సొంత ఈఆర్‌సీ 2014లో వచ్చింది.

అది ఎందుకు పెట్టారో బిడ్డకు బాగా అర్థం కావాలి, ఎందుకంటే డిబేట్‌లో గెలవడం వేరు, ఆ పని రోజూ చేయడం వేరు. కరెంటు తయారు చేసేదీ అమ్మేదీ రేటు పెట్టేదీ ఓట్లు అడిగేదీ అంతా ఒక్కరే అయితే లెక్క ఎవరికీ తేలదు, అందుకని రేటు పెట్టే పనిని తీసి ఒక మూడో మనిషి చేతిలో పెట్టారు. డిస్కం వచ్చే ఏడాదికి ఇంత ఖర్చు, ఇంత రాబడి అని లెక్క వేసి ఇస్తుంది, కమిషన్ దాన్ని పేపర్లో ప్రకటించి అభ్యంతరాలు తీసుకుంటుంది, బహిరంగ విచారణ పెడుతుంది, ఆ తర్వాత ఆర్డర్ ఇస్తుంది. వరంగల్, హనుమకొండల్లోనూ ఇలాంటి విచారణలు జరిగాయి. ప్రభుత్వం ఎవరికైనా ఉచితంగా ఇస్తానంటే కమిషన్ అడ్డం పడదు, కానీ ఆ డబ్బు డిస్కంకు ముందే కట్టాలని 2003 విద్యుత్ చట్టంలో 65వ సెక్షన్ చెబుతుంది. రైతులకు 2018 జనవరి 1 నుంచి ఇస్తున్న 24 గంటల ఉచిత కరెంటయినా, ఇళ్లకు 200 యూనిట్ల గృహజ్యోతి అయినా వెనక ఉన్న లెక్క ఇదే.

ఇప్పుడు మీ బిడ్డ డిబేట్ విషయం. ఈఆర్‌సీ రాష్ట్ర ప్రభుత్వానికి సలహా ఇవ్వాలని 86వ సెక్షన్‌లోనే ఉంది, పోటీ గురించి, పెట్టుబడుల గురించి, సంస్థల మార్పుల గురించి. అదే చట్టంలో 108వ సెక్షన్ చూస్తే, ప్రజాప్రయోజనం ఉన్న విధానపరమైన విషయాల్లో ప్రభుత్వం ఆదేశం ఇవ్వొచ్చని, కమిషన్ దాన్ని పట్టించుకోవాలని ఉంటుంది. ఆచరణలో కమిషన్ టైమంతా టారిఫ్‌ల మీదే, అంటే రేట్ల మీదే పోతుంది, విధానం రాసేది సచివాలయంలో ఇంధన శాఖ. 2030 నాటికి మరో 20,000 మెగావాట్ల పునరుత్పాదక కరెంటు అని 2025లో తెచ్చిన క్లీన్ అండ్ గ్రీన్ ఎనర్జీ పాలసీ కూడా ప్రభుత్వం తెచ్చిందే. కాబట్టి వేరే కమిషన్ ఉండాలా అన్నది గాలి ప్రశ్న కాదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం ఆ పని ఎప్పుడో చేసింది. 1973 చమురు సంక్షోభం తర్వాత, 1974లో చట్టం చేసి, రేట్లు చూసే కమిషన్‌ను అట్లాగే ఉంచి, రేపటి అవసరం ఎంత, ఎక్కడ ప్లాంటు కట్టాలి, ఫ్రిజ్ ఎంత కరెంటు తాగొచ్చు అన్న లెక్కల కోసం ఇంధన కమిషన్ వేరుగా పెట్టుకుంది. దానిలో ఐదుగురు సభ్యులు. ఒకరు ఇంజనీరో సైంటిస్టో, ఒకరు లాయరు, ఒకరు ఆర్థికవేత్త, ఒకరు పర్యావరణం తెలిసినవాళ్లు, ఒకరు మామూలు ప్రజల తరఫున, ఇట్లా ఉండాలని చట్టంలోనే రాసుకున్నారు. మన చట్టం 84వ సెక్షన్ కూడా ఇంజనీరింగ్, ఫైనాన్స్, కామర్స్, ఎకనామిక్స్, లా, మేనేజ్‌మెంట్ అని వరసగా చెబుతుంది. అంటే ఒక్క ఈఈఈ డిగ్రీతో ఈ దారిలో ఎక్కువ దూరం పోలేరు, రెండో చదువు ఒకటి కావాలి.

ఇక కొలువులు. నిజం చెప్పాలంటే తక్కువ. చైర్మన్, సభ్యుల కుర్చీలు ఐదేళ్లవి, 65 ఏళ్లు దాటితే ఉండరు, అక్కడికి చేరేది ముప్పై నలభై ఏళ్ల సర్వీసు ఉన్నవాళ్లే. దాని గురించి 20 ఏళ్ల పిల్ల ఇప్పుడే టెన్షన్ పడనక్కర్లేదు. కింద పనిచేసే స్టాఫ్ చిన్న బృందం, నోటిఫికేషన్లు ఏటా పడవు, కాంట్రాక్టు మీద తీసుకునేవాళ్లు కొందరైతే మిగతావాళ్లలో చాలామంది విద్యుత్ సంస్థల నుంచి డెప్యుటేషన్ మీద, అంటే సొంత కొలువు ఉంచుకుని కొంతకాలానికి వచ్చినవాళ్లు. ఈ డెప్యుటేషన్ అన్న మాట దగ్గర మీరిద్దరూ ఒకసారి ఆగాలన్నా. బిడ్డ వద్దంటున్న ఏఈ కొలువు నుంచే ఆమె కోరుతున్న ఆఫీసుకు బస్సు ఉంది. కొన్నేళ్లు ఊళ్ల లైన్లు చూసే సెక్షన్ ఆఫీసులో చేసి, తర్వాత టారిఫ్, కమర్షియల్ విభాగాల్లోకి మారి, డిస్కం తరఫున ఈఆర్‌సీకి లెక్కలు తయారు చేసిన ఇంజనీరుకు అటువైపు కూర్చుని అవే లెక్కలు విప్పడం కొత్తేం కాదు.

సెక్షన్‌లో చేయడం ఎందుకంటున్నానో మీకు నేను చెప్పాల్సిన పని లేదు, బిడ్డకు మీరే చెప్పాలి. రాష్ట్రంలో పాతిక లక్షలకు పైగా వ్యవసాయ కనెక్షన్లున్నాయి, మోటర్లకు మీటర్లు లేవు. మరి వ్యవసాయానికి ఎన్ని యూనిట్లు పోయినట్టు? కొన్ని ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర కొలిచి మిగతాది అంచనా కడతారు. ఆ అంచనా ఎక్కువ పెడితే లైన్ నష్టాలు తక్కువ కనిపిస్తాయి, తక్కువ పెడితే నష్టాలు ఎక్కువ కనిపిస్తాయి, ఎంత సబ్సిడీ రావాలన్నది కూడా దాని మీదే ఆధారపడుతుంది. హైదరాబాద్‌లో ఏసీ గదిలో కూర్చుని ఎక్సెల్ షీట్ చూసేవాళ్లకు అది ఒక గడి, మీకేమో ఏ ఫీడర్ మీద ఎన్ని మోటర్లు, వరి నాట్లప్పుడు లోడ్ ఎట్లా ఎగబాకుతుందో నోటికొచ్చు. అది తెలిసిన పాలసీ మనిషి మాటకు బరువుంటుంది, తెలియనివాళ్లవి నేను బోలెడు రిపోర్టులు చదివాను, అందమైన గ్రాఫులు, అంతే.

ఏఈ ఒక్కటే దారి అని నేననను. నోటిఫికేషన్ కోసం మూడేళ్లు హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్‌లో రూము తీసుకుని కూర్చుంటానంటే నేనే వద్దంటాను. గేట్ మాత్రం ఎట్లాగూ రాయించండి, ఆ స్కోరు ఎంటెక్‌కు పనికొస్తుంది, ఎన్టీపీసీ, పవర్‌గ్రిడ్ లాంటివి ఇంజనీర్లను దాంతోనే తీసుకుంటుంటాయి. విధానం మీద అంత మనసుంటే యూపీఎస్సీ ఇంజనీరింగ్ సర్వీసెస్ కూడా చూడాలి, దేశం మొత్తానికి కరెంటు ప్లాన్ తయారు చేసే సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీకి ఇంజనీర్లు దాని ద్వారా పోతారు, అది పర్మినెంటే, గ్రూప్-ఎ. రెండో చదువుకు ఫరీదాబాద్‌లోని ఎన్‌పీటీఐలో పవర్ మేనేజ్‌మెంట్‌లో ఎంబీఏ ఉంది. పుణేలో ప్రయాస్ అనే సంస్థ విద్యుత్ నియంత్రణ మీదే ఏళ్లుగా పరిశోధన చేస్తోంది, అలాంటి చోట రెండేళ్లు పనిచేస్తే వచ్చే పట్టు వేరు, కానీ అక్కడ సర్కారు కొలువు భరోసా ఉండదని మీకు ముందే చెబుతున్నా. కన్సల్టెన్సీ కంపెనీలు కూడా ఈ లెక్కలు తెలిసినవాళ్లను తీసుకుంటాయి, జీతం బాగుంటుంది, ఇల్లు మాత్రం మర్చిపోవాలి. లా వైపు మనసు పోతే అదింకో మూడేళ్లు, ఇప్పుడే తేల్చుకోవద్దు.

ఇంత చెప్పాక నాకున్న అనుమానం కూడా చెప్తా. ఆమెకు నచ్చింది స్టేజీ మీద మాట్లాడటమా, ఈ పనా? నేను చాలా ఏళ్ల కిందట ఒక బహిరంగ విచారణకు పోయి వెనక వరసలో కూర్చున్నా. వచ్చినవాళ్లలో చాలామంది గట్టిగా మాట్లాడారు, చప్పట్లు కూడా పడ్డాయి. మధ్యాహ్నం భోజనాల టైముకు ఒక పెద్దాయన లేచి, చేతిలో కాగితాలు తడుముకుంటూ, ముందు పేజీలో ఉన్న యూనిట్లకూ వెనక పట్టికలో ఉన్న యూనిట్లకూ తేడా ఎందుకొచ్చిందని నెమ్మదిగా ఒక్క ప్రశ్న అడిగారు. వేదిక మీద అప్పటిదాకా వింటూ ఊరుకున్నవాళ్లు పెన్ను తీసి రాసుకున్నది ఆ ఒక్కదాన్నే. ఆ పెద్దాయన చేసిన పని మీ బిడ్డకు విసుగనిపిస్తే ఈ దారి ఆమెది కాదు, అందులో తప్పేమీ లేదు, మంచి వక్తకు వేరే చోట్లున్నాయి.

అది తెలుసుకోవడానికి ఒక నెల చాలు. ఈఆర్‌సీ వెబ్‌సైట్‌లో టారిఫ్ ఆర్డర్లు ఊరికే దొరుకుతాయి, వందల పేజీలు, ఇంగ్లీషులోనే ఉంటాయి. కొత్తదొకటి ప్రింట్ తీయించండి, మొత్తం వద్దు, కరెంటు కొనుగోలు ఖర్చు ఉన్న అధ్యాయం చాలు, ఎందుకంటే దేశంలో చాలా డిస్కంల ఖర్చులో నాలుగింట మూడు వంతుల దాకా అదే. రామగుండం నుంచి ఎంత, చెల్పూరు కేటీపీపీ నుంచి ఎంత, జైపూర్‌లో సింగరేణి ప్లాంటు నుంచి ఎంత, ఒక్కోదానికి యూనిట్ ధర ఎందుకంత తేడా అన్నది ఆమె ఒక పేజీ తెలుగులో రాసి మీకు వినిపించాలి. రాశాక నాకు పంపమనండి, చూసి చెబుతా. వచ్చే విచారణ ప్రకటన పేపర్లో పడగానే మీరు ఆ రోజుకు సెలవు పెట్టి ఆమెను వెంటబెట్టుకుని పోండి, డ్యూటీ డ్రెస్ మాత్రం వేసుకోకండి, రైతులు మిమ్మల్ని పట్టుకుని కాలిన ట్రాన్స్‌ఫార్మర్ ఎప్పుడొస్తదని అడుగుతారు.