ట్రాక్ మీద కాలిన క్లచ్చు, ఇంట్లో రాజుకున్న తగువు

ప్రశ్న: మాది చంద్రగిరి దగ్గర పల్లె. మా ఆయన తిరుమల ఘాట్‌లో టాక్సీ తోలతాడు. అబ్బాయి ఆటోమొబైల్ డిప్లొమా చివరి సెమిస్టర్‌లో ఉన్నాడు. రెండు నెలల కిందట స్నేహితులతో చెన్నై దగ్గరి రేస్ ట్రాక్‌కు పోయాడు. వాళ్లు తీసుకెళ్లిన స్పోర్ట్స్ కారు పది ల్యాపులైనా తిరక్కుండానే క్లచ్ కాలి నిలబడిపోయిందట. ఆ పాత ప్లేటు ఇంటికి మోసుకొచ్చి మంచం కింద పెట్టుకున్నాడు. ఈసెట్ (డిప్లొమా వాళ్లు బీటెక్‌లో చేరే పరీక్ష) రాయను, రేస్ టీమ్‌లో మెకానిక్‌గా చేరతానంటాడు. బెంగళూరులో ఆరు నెలల మోటార్‌స్పోర్ట్ కోర్సుకు రెండున్నర లక్షలు కట్టాలట. మా ఆయనేమో "క్లచ్ ప్లేట్లు మార్చేదానికా వీణ్ణి చదివించింది" అని వాడితో మాటలే మానేశాడు. నాకు ఒకటే టెన్షన్. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ రెండున్నర లక్షలు కట్టకండి. మిగతాది నిదానంగా మాట్లాడుకుందాం.

ఈ సలహాల పనిలోకి రాకముందు నేను ఒక విడిభాగాల కంపెనీలో ఆరేళ్లు చేశాను. వారంటీ కింద వాపసు వచ్చిన క్లచ్ ప్లేట్లు నా బల్ల మీదికి వచ్చేవి. ఒక్కోటి ఎందుకు పాడైందో నాలుగు లైన్లు రాసి సంతకం పెట్టాలి, అదే ఉద్యోగం. కాబట్టి మీ వాడికి పట్టిన పిచ్చి నాకు కొత్త కాదు. కాలిన ప్లేటును మంచం కింద దాచుకున్నాడని చదివి, నిజం చెప్పాలంటే, నవ్వుకున్నాను.

ఆ ప్లేటు చేతిలోకి తీసుకుని చూడటం వస్తే చాలా సంగతులు తెలుస్తాయి. ఫేసింగ్, అంటే ప్లేటు రెండు వైపులా ఉండే పట్టు పొర, అద్దంలా మెరుస్తూ గట్టిపడి ఉంటే, పట్టు దొరక్క జారిజారి వేడెక్కిందన్నమాట. దాన్ని అదిమిపట్టే ప్రెజర్ ప్లేటు ముఖం మీద నీలం మచ్చలుంటే అక్కడ లోహం సుమారు 300 డిగ్రీలు చూసింది. నడుమ స్ప్రింగులు విరిగి ఉంటే పెడల్ మీద నుంచి కాలు ఒక్కసారిగా వదిలేసే అలవాటు ఎవరికో ఉంది. ఒకవైపు జిడ్డుగా నల్లబడి ఉంటే డ్రైవర్‌ను తిట్టి లాభం లేదు, వెనకాల ఆయిల్ సీల్ కారుతోంది.

ఒకసారి ఫేసింగ్ మొత్తం ఊడి ముక్కలుముక్కలైన ప్లేటు వచ్చింది. "క్లచ్ నొక్కే ఉంచాను సార్" అని డ్రైవర్ రాసిచ్చాడు. మా వాళ్లెవరూ నమ్మలేదు. కానీ అతను చెప్పింది నిజమే. ఐదు నుంచి నాలుగుకు దించబోయి తొందరలో రెండులోకి లాగాడు. క్లచ్ నొక్కితే ఇంజిన్ గేర్‌బాక్స్ నుంచి విడిపోతుంది, కాబట్టి ఇంజిన్ బతికిపోయింది. ప్లేటు మాత్రం గేర్‌బాక్స్ వైపు కదా తిరిగేది! రెండో గేర్ నిష్పత్తి నాలుగో దానికి రెట్టింపు అనుకోండి, బండి అదే వేగంలో ఉండగా నాలుగులో నిమిషానికి 6,000 చుట్లు తిరగాల్సిన ప్లేటు రెండులో 12,000 తిరుగుతుంది. ఫేసింగ్ అక్కడే చేతులెత్తేసింది. ట్రాక్ మీద ఇలాంటి తప్పు గేర్లు మామూలే, ఎందుకంటే ల్యాపు ల్యాపుకూ పదిహేను ఇరవై సార్లు గేర్ మార్చాలి, అదీ రెప్పపాటులో.

ఇప్పుడు మీ వాడికి ఒక పరీక్ష. కాగితం, పెన్సిల్ ఇచ్చి ఈ లెక్క చేయమనండి. వెయ్యి కిలోల కారు, డ్రైవర్ క్లచ్ జారిస్తూ గంటకు 40 కిలోమీటర్ల వేగం దాకా లాగాడు. ఆ జారుడులో పుట్టే వేడి ఆ వేగానికి కారుకున్న గతిశక్తి అంత, అంటే సుమారు 60 కిలోజౌల్స్. ఐదు కిలోల ఇనుము దాన్నంతా మింగితే ఒక్కో స్టార్ట్‌కు పాతిక డిగ్రీల దాకా పెరుగుతుంది. ఆరనివ్వకుండా వరసగా పది స్టార్టులు చేస్తే? వాడు "అయితే ఇది అందుకే కాలింది" అని ప్లేటు తీసి చూస్తే ఒక దారి. "ఇవన్నీ ఎందుకు, కొత్త ప్లేటు వేస్తే సరి" అంటే ఇంకో దారి. రెండూ అన్నం పెట్టే పనులే. కానీ రెండో దారికి బెంగళూరు కోర్సు అక్కర్లేదు, రేణిగుంట రోడ్డులో మంచి షెడ్డు చాలు.

వాడు మొదటి రకమే అని నా అనుమానం. అలాంటివాడికి ఈసెట్ తప్పదు. ఎందుకో అమెరికాలో జరిగిన ఒక సంగతితో చెబుతాను. ఫోర్డ్ 2016 మోడల్‌గా షెల్బీ జీటీ350 అనే మస్టాంగ్‌ను అమ్మింది. ట్రాక్ మీద తోలుకోవడానికే చాలామంది కొన్నారు. అందులో కొన్ని రకాలకు గేర్‌బాక్స్‌కూ డిఫరెన్షియల్‌కూ (వెనక చక్రాలకు శక్తి పంచే గేర్ల పెట్టె) ఆయిల్ కూలర్లు పెట్టలేదు. కొద్ది ల్యాపులకే ఆయిల్ వేడెక్కి, కారు తనంతట తానే పవర్ తగ్గించేసుకునేది. 2017లో కొన్నవాళ్లు కోర్టుకెక్కారు. 2017 మోడల్ నుంచి అన్ని జీటీ350లకూ కూలర్లు వచ్చాయి. చూడండమ్మా, అక్కడ గేర్ విరగలేదు, క్లచ్ అరగలేదు. కూలర్ పెట్టాలా వద్దా అని ఒక డిజైన్ ఆఫీసులో తీసుకున్న నిర్ణయం అది. ఎంత గొప్ప మెకానిక్ అయినా పిట్‌లో స్పానర్ పట్టుకుని దాన్ని సరిచేయలేడు. మీ వాడు ఆ ఆఫీసులో కూర్చోవాలి. దానికి కనీసం బీటెక్ అడుగుతారు.

ఈసెట్‌తో నేరుగా రెండో ఏడాదిలో చేరొచ్చు. కాలేజీ ఎంచుకునేటప్పుడు బిల్డింగులు చూడకండి. అక్కడి పిల్లలు బాహా, సుప్రా, ఫార్ములా భారత్ లాంటి పోటీలకు సొంతంగా బండి కట్టి తీసుకెళ్తున్నారా అని అడగండి. వెళ్తున్నామంటే వర్క్‌షాప్‌కు పోయి ఆ బండి చూపించమనండి. దుమ్ము పట్టి మూల పడి ఉంటే సంగతి అర్థమవుతుంది.

రేస్ టీమ్ ఉద్యోగం గురించి కూడా దాచకుండా చెబుతాను. మన దేశంలో పేరున్న ట్రాక్‌లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై, కోయంబత్తూరు, గ్రేటర్ నోయిడా అలాంటివి. నోయిడాలో ఫార్ములా వన్ 2011 నుంచి మూడేళ్లు జరిగి ఆగిపోయింది. రేసులు ఉన్న వారాంతాల్లోనే పని, మిగతా రోజుల్లో చాలామంది మామూలు గ్యారేజీల్లోనే ఉంటారు. జీతం కోసం దాన్ని నమ్ముకోవద్దు. సరదా తీరాలంటే ఇరుంగాట్టుకోట్టై మీకు పుత్తూరు, తిరువళ్లూరు మీదుగా పొద్దున బయలుదేరితే చేరిపోయే దూరమే. రేసులప్పుడు మార్షల్‌గా వాలంటీర్లను తీసుకుంటారు. జెండా పట్టుకుని ట్రాక్ పక్కన నిలబడితే ఏ కారు ఎందుకు ఆగిందో వాడికి కోర్సు కన్నా ఎక్కువే తెలుస్తుంది.

జీతం వచ్చే పని చుట్టుపక్కలే ఉంది. హోసూరులో లూక్ క్లచ్‌ల ఫ్యాక్టరీ ఉంది. చెన్నై వైపు వాలియో క్లచ్ ఫేసింగ్‌లు చేస్తుంది. శ్రీసిటీలో ఇసుజు బండ్లు కడుతుంది. బండ్లను పరీక్షించే కేంద్రాలు చెన్నై దగ్గరి ఒరగడంలో ఒకటి, కాస్త దూరమైనా మధ్యప్రదేశ్‌లోని పీతంపూర్‌లో 11.3 కిలోమీటర్ల హైస్పీడ్ ట్రాక్‌తో ఇంకొకటి ఉన్నాయి. ఎలక్ట్రిక్ కార్లొస్తే క్లచ్ ఉండదు కదా అని ఎవరైనా భయపెడతారు. క్లచ్ పోతుంది, నిజమే. గేర్లు, బేరింగులు, ఆయిల్, వేడి పోవు. పోర్షే టైకాన్ అనే ఎలక్ట్రిక్ కారుకు వెనక యాక్సిల్ మీద రెండు గేర్లున్నాయి.

ఇక మీ ఆయన సంగతి. హెయిర్‌పిన్ దగ్గర బస్సు వెనక హాఫ్ క్లచ్‌లో ఆగిన బండి ఏ నిమిషానికి వాసన కొడుతుందో ఆయనకు తెలిసినంత నాకు తెలియదు. పెడల్ నొక్కితే వచ్చే రొద రిలీజ్ బేరింగ్‌ది, న్యూట్రల్‌లో పెడల్ వదిలితే వచ్చేది గేర్‌బాక్స్ ఇన్‌పుట్ బేరింగ్‌ది అని ఆయన చెవితోనే చెప్పేస్తారు. మీ వాడు పుస్తకంలో చదివేది కూడా ఇదే. ఒక ఆదివారం ఆ ప్లేటు మంచం కింద నుంచి తీసి ఇద్దరి ముందూ పెట్టండి, ఎందుకు కాలిందో ముందు ఆయన్ను అడగండి.

తర్వాత రెండు వైపులా ఫొటోలు తీసి నాకు పంపమనండి. అంచుకు జిడ్డు ఉందో లేదో దగ్గరగా కనిపించాలి. ఈసెట్ ఫారం మాత్రం ఈలోపే నింపేయండి.