తీర్మానాల బదులు వచ్చే డిసెంబరులో ఒక మామూలు మంగళవారం రాసుకోండి

మీ ప్రశ్న క్లుప్తంగా: "ప్రతి జనవరి ఒకటినా బరువు తగ్గాలి, ఫోన్ తగ్గించాలి, కార్డు అప్పు తీర్చాలి అని రాసుకుంటాను. నెల తిరక్కుండానే అన్నీ వదిలేస్తాను. తీర్మానాలు మానేసి ఏడాదికి ఒక మంచి విజన్ పెట్టుకోమంటున్నారు. అది చేతల్లో ఎలా ఉంటుంది? గోడకు బొమ్మలు అంటించుకుంటే చాలా?"

బొమ్మలు చాలవండి. కొన్నిసార్లు అవి ఎదురు తన్నుతాయి కూడా. విజన్ మాత్రం బాగా పనిచేస్తుంది. కాకపోతే గెలిచిన రోజును ఊహించుకోవద్దు, మామూలు రోజును రాసుకోండి. ఇలాంటి పేజీలు చాలామందితో కూర్చుని రాయించిన అనుభవంతో ఈ జవాబు ఇస్తున్నాను.

ముందు తీర్మానాలు ఎక్కడ విరుగుతాయో చూద్దాం. వాటిలో ఎక్కువ భాగం మానాలి, తగ్గించాలి, ఆపాలి అనే ఉంటాయి. రాత్రి పది దాటాక ఫోన్ చూడకూడదు అని రాసుకున్న మనిషి ఆ గంటలో ఏం చేయాలో రాసుకోడు. ఖాళీగా ఉన్న గంట మళ్ళీ ఫోన్ దగ్గరికే వెళ్తుంది. స్వీడన్‌లో వెయ్యిమందికి పైగా మనుషుల తీర్మానాలను ఏడాది పాటు గమనించి 2020లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. ఫలానా పని చేయాలి అని పెట్టుకున్నవాళ్ళలో 58.9 శాతం, ఫలానాది మానాలి అని పెట్టుకున్నవాళ్ళలో 47.1 శాతం ఏడాది చివర నిలబడ్డామని చెప్పారు. తేడా ఉంది గానీ, అదొక్కటే గట్టెక్కించేంత కాదు.

రెండో కారణం మన క్యాలెండర్‌లోనే ఉంది. జనవరి ఒకటిన మొదలుపెట్టిన పని సరిగ్గా రెండు వారాలకే సంక్రాంతిని తట్టుకోవాలి. ఊరి ప్రయాణం, భోగి, పండగ, కనుమ, కొందరికి ముక్కనుమ, అరిసెలు, బంధువులు. నాలుగైదు రోజులు నడకా ఉండదు, నిద్ర వేళా ఉండదు. తిరిగొచ్చాక "ఎలాగూ పోయింది కదా" అనిపించి చాలామంది అక్కడే ఆగిపోతారు. మనసు బలహీనమని తమను తాము తిట్టుకుంటారు గానీ, తప్పు తేదీది. అందుకే నేను చెప్పే పద్ధతి ఇదీ: జనవరి మొదటి పది రోజులు రాయడానికి, పండగ నుంచి తిరిగొచ్చాక వచ్చే సోమవారం మొదలుపెట్టడానికి. అమెరికాలో ఉన్నవాళ్ళకు అడ్డం వేరు. న్యూజెర్సీలో జనవరిలో సాయంత్రం ఐదు ప్రాంతానికే చీకటి పడుతుంది, బయట మంచు. అక్కడ సాయంత్రం నడక అని రాసుకుంటే మార్చి దాకా అది కాగితం మీదే ఉంటుంది.

ఇక బొమ్మల సంగతి. గాబ్రియేల్ ఓటింగెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దశాబ్దాలుగా దీని మీదే పనిచేస్తున్నారు. బరువు తగ్గే కార్యక్రమంలో చేరిన మహిళల మీద ఆమె చేసిన అధ్యయనం 1991లో వచ్చింది. "నేను తగ్గగలను" అని నమ్మినవాళ్ళు ఎక్కువ తగ్గారు. సన్నబడిన తమను తాము రంగుల్లో ఊహించుకుని మురిసినవాళ్ళు తక్కువ తగ్గారు. నమ్మకం సాయం చేసింది, పగటికల అడ్డం పడింది. ఆ ఊహలోనే మనసు కొంత తృప్తి పడిపోతుంది, ఒళ్ళు వంచాలనే తొందర తగ్గుతుంది. విద్యార్థుల మీద 1999లో వచ్చిన మరో అధ్యయనం కూడా ఇదే దారి. మంచి మార్కులు వచ్చినట్టు రోజూ ఊహించుకున్నవాళ్ళ కన్నా, తాము ఎలా కూర్చుని చదువుతున్నారో ఊహించుకున్నవాళ్ళు ఎక్కువ చదివారు, మార్కులూ ఎక్కువ తెచ్చుకున్నారు. ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలుంటే ర్యాంకు అంకె గోడకు అంటించే ముందు ఇది గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు రాసే పద్ధతి.

ఒక నోట్‌బుక్ తీసుకోండి, ఫోన్‌లో వద్దు. వరసగా నాలుగు రోజులు, రోజుకు 20 నిమిషాలు. ఈ కొలత లారా కింగ్ 2001లో ప్రచురించిన పరిశోధన నుంచి తీసుకున్నది. అందులో అన్నీ బాగా జరిగితే తమ జీవితం ఎలా ఉంటుందో జనం ఇలాగే నాలుగు రోజులు రాశారు. మొదటి రెండు రోజులు దిద్దుకోకుండా రాయండి: వచ్చే డిసెంబరులో ఒక మంగళవారం, లేచినప్పటి నుంచి పడుకునేదాకా. మంగళవారమే ఎందుకంటే ఆదివారం రాస్తే అందరికీ సెలవు జీవితమే వస్తుంది, పండగ రాస్తే ఫోటో వస్తుంది. పని ఉన్న, అలసట ఉన్న, ట్రాఫిక్ ఉన్న రోజులో మీకు కావలసింది ఎక్కడ ఇముడుతుందో తెలియాలి.

మూడో రోజు దాన్ని ఒక్క పేజీకి కుదించండి. వర్తమాన కాలంలో, "నేను" అని. "కాదు", "లేదు", "మానేశాను" వచ్చిన ప్రతి చోటా దాని బదులు ఏం చేస్తున్నారో రాయండి. కొత్త మార్పులు మూడుకు మించితే కొట్టేయండి. ఒక నమూనా ఇస్తాను, ఎల్‌బీ నగర్‌లో ఉంటూ రాయదుర్గంలో ఉద్యోగం చేసే మనిషిది:

"ఐదున్నరకు లేస్తాను. రాత్రి పదిన్నరకే పడుకున్నాను, ఫోన్ హాల్లో చార్జింగ్‌లో ఉంది. ఆరింటికి కాలనీ పార్కులో ముప్పావు గంట నడుస్తాను. మెట్రోలో అమీర్‌పేటలో రైలు మారేదాకా పుస్తకం చదువుతాను. మధ్యాహ్నం ఇంటి డబ్బా: అన్నం ఒక వంతు, కూర రెండు వంతులు, పప్పు, మజ్జిగ. ఏడున్నరకు ఇల్లు చేరి పాప లెక్కలు చేసుకుంటుంటే పక్కన కూర్చుంటాను. ఎనిమిదిన్నరకు భోజనం. కార్డు బాకీ గత నెలతో తీరింది. ఆ డబ్బు ఇప్పుడు రెండో తారీకున పొదుపులోకి వెళ్తోంది."

ఇందులో "పది కిలోలు తగ్గాను" అన్న మాట ఎక్కడా లేదు, గమనించండి. బరువు మీ చేతిలో ఉండదు, నడకా డబ్బా ఉంటాయి. అయితే డబ్బు దగ్గర మాత్రం అంకె వేయాల్సిందే. లక్ష రూపాయల కార్డు బాకీ, నెలకు 3.5 శాతం వడ్డీ, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ అనుకోండి. కార్డు కొత్తగా గీకకుండా నెలకు 12,000 కడితే పదకొండో నెలలో తీరుతుంది. 6,000 కడితే 29 నెలలు పడుతుంది. అంటే డిసెంబరు పేజీలో "బాకీ తీరింది" అని రాయాలంటే ఈ జనవరిలోనే 12,000 దొరకాలి. దొరకకపోతే పేజీ మార్చండి, "సగానికి పైగా తీరింది" అనడంలో చిన్నతనమేమీ లేదు. అది కూడా 6,000తో కుదరదు. ఆ లెక్కన ఏడాది కట్టినా 70 వేలకు పైనే మిగులుతుంది.

గంటల లెక్క కూడా అలాగే చూసుకోండి. వారానికి 168 గంటలు. నిద్ర 49, ఆఫీసు 45, ప్రయాణం 12 లేదా 13, వంటా భోజనం స్నానం ఇంటి పని కలిపి 28. మిగిలేవి ముప్పైమూడో ముప్పైనాలుగో గంటలు. అందులోనే పిల్లలు, పెళ్ళిళ్ళు, ఆసుపత్రి, ఊరికే కూర్చోవడం. కొత్త పనులకు వారానికి ఆరేడు గంటలు మించి పెట్టుకున్న పేజీ నిలబడటం చాలా అరుదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మీ పేజీలో ఇంకొకరి శ్రమ దాగి ఉందేమో చూడండి. "ఇంటి డబ్బా" అని మీరు రాశారు, ఆ కూర ఎవరు తరుగుతారు? మీరు ఆరింటికి పార్కులో ఉంటే పాపను లేపి స్కూలుకు తయారు చేసేది ఎవరు? చాలా ఇళ్ళలో భర్త విజన్ భార్య ఉదయాన్ని మింగేస్తుంది. పేజీ ఖాయం చేసే ముందు ఇంట్లో చదివి వినిపించండి. కూరగాయలు ముందు రాత్రి మీరే తరిగిపెట్టడం, వారంలో మూడు రోజులు మీరు నడిస్తే మూడు రోజులు ఆమె నడవడం లాంటి సర్దుబాట్లు అప్పుడే తేలతాయి. అలాగే, పేజీలో ఇతరులు మారినట్టు రాయకండి. "మా అబ్బాయి బుద్ధిగా చదువుతున్నాడు" అన్నది మీ విజన్ కాదు, వాడి మీద మీ కోరిక.

నాలుగో రోజు అసలు పని. చాలామంది దీన్ని వదిలేస్తారు, వదిలేసిన పేజీలు ఫిబ్రవరి దాటవు. పేజీలోని ప్రతి మార్పు ఎదురుగా, దాన్ని నాలోని ఏది ఆపుతుంది అని రాయండి. ఓటింగెన్ పద్ధతికి గుండెకాయ ఇదే. కోరిక, దాని ఫలితం, అడ్డంకి, ప్రణాళిక అనే నాలుగు మెట్లలో ఆమె ఎక్కువ బరువు పెట్టింది మూడోదాని మీద. "టైం లేదు" అన్నది అడ్డంకి కాదు, ఇంకొంచెం తవ్వాలి. రాత్రి పదకొండున్నర దాకా ఫోన్ ఎందుకు చూస్తున్నారు? రోజంతట్లో నాకంటూ దొరికింది ఆ గంటే కాబట్టి. ఇది నిజమైన అడ్డంకి. అలాంటప్పుడు పదిన్నరకు పడుకోవాలంటే ముందు తొమ్మిదికీ పదికీ మధ్య మీకంటూ ఒక అరగంట కావాలి, లేకపోతే ఎన్ని అలారాలు పెట్టినా లాభం లేదు.

అడ్డంకి దొరికాక "ఇలా అయితే, ఇలా చేస్తాను" అని ఒకే వాక్యం రాయండి. ఈ తరహా వాక్యాల బలాన్ని పీటర్ గోల్విట్జర్ 1990లలో పరిశోధనలతో చూపించారు. క్షణం వచ్చినప్పుడు ఆలోచించే పని లేకుండా పోతుంది. ఉదాహరణకు, ఆఫీసులో ఐదింటికి సమోసాలు వస్తే, ముందు నా డబ్బాలోని ఉడికించిన శనగలు తింటాను. మీటింగ్ వల్ల ఎనిమిది దాటితే, మెట్రో దిగాక ఆటో ఎక్కకుండా ఇంటికి నడుస్తాను. వాన పడితే, ఇంట్లోనే పది నిమిషాలు మెట్లు ఎక్కి దిగుతాను. "వీలైతే", "కుదిరితే" అన్న మాటలు వాక్యంలోకి రానివ్వకండి. మార్పుకు ఒకటి చొప్పున మూడు వాక్యాలు చాలు. పదిహేను రాస్తే సమయానికి ఒక్కటీ గుర్తురాదు.

పేజీని బీరువా తలుపు లోపలివైపు అంటించండి. అందరికీ కనిపించేలా హాల్లో వద్దు, వచ్చినవాళ్ళ వ్యాఖ్యానాలు మీకు అక్కర్లేదు. ఆదివారం సాయంత్రం ఐదు నిమిషాలు చదివి, వచ్చే వారంలో ఏ పని ఏ రోజు ఏ గంటకు అన్నది క్యాలెండర్‌లో వేసుకోండి. రోజూ చదవనక్కర్లేదు, అలా చదివితే అది మంత్రంలా నోటికి వచ్చేసి అర్థం పోతుంది.

పెద్ద సమీక్షకు ఉగాది చక్కగా సరిపోతుంది. జనవరి మధ్య నుంచి లెక్కేస్తే రెండు మూడు నెలలు గడిచి ఉంటాయి. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఒక పని అలవాటుగా స్థిరపడటానికి సగటున 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. అంటే ఉగాది నాటికి ఏది పట్టుకుందో ఏది పట్టుకోలేదో తెలిసిపోతుంది. పంచాంగంలో ఆదాయం, వ్యయం చూసుకున్నట్టే ఆ సాయంత్రం ఒక్కో మార్పుకూ రెండు అంకెలు వేయండి: వారానికి ఎన్ని గంటలు పెడుతున్నాను, దానివల్ల రోజులో ఏం కలిసొచ్చింది. గంటలు ఎక్కువ, ఫలం తక్కువ ఉన్నదాన్ని మొహమాటం లేకుండా తీసేయండి.

తర్వాతి సమీక్ష జూన్ మూడో వారంలో. రెండు రాష్ట్రాల్లోనూ బడులు జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు, ఉదయం వేళలన్నీ తలకిందులవుతాయి. వేసవి సెలవుల్లో చక్కగా సాగిన నడక అప్పుడే ఆగుతుంది. విజన్ మార్చకండి, గంట మార్చండి. మూడోది దసరా సెలవుల్లో. దానికి పది నిమిషాలు చాలు.

మధ్యలో ఒకరోజు తప్పితే లాలీ అధ్యయనంలో అలవాటుకు పెద్దగా దెబ్బ తగల్లేదు. వారం తప్పితే మాత్రం మళ్ళీ పూర్తి కొలతతో మొదలుపెట్టకండి. ముప్పావు గంట నడకను మూడు రోజుల పాటు పది నిమిషాలే చేయండి, అదే వేళకు, అదే దారిలో. వేళ నిలబడితే నిమిషాలు వాటంతట అవే పెరుగుతాయి. ఇంట్లో జబ్బు, ఉద్యోగం పోవడం, చావు లాంటివి వచ్చిన ఏడాది పేజీని పక్కన పెట్టి, అందులోంచి ఒక్క వాక్యం మాత్రం ఉంచుకోండి. సాధారణంగా అది నిద్ర వాక్యమైతే మంచిది, మిగతావన్నీ దాని మీదే ఆధారపడతాయి. షుగర్‌కో బీపీకో మందులు వాడుతుంటే అన్నం కొలత, నడక వేళ మార్చే ముందు మీ డాక్టరుకు పేజీ చూపించండి. మందు మోతాదు, వేళ కూడా మార్చాల్సి రావచ్చు.