వరి వల్లే భూమి వేడెక్కుతోందా? మడి ఆరనిస్తే దిగుబడి పోతుందా?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ జిల్లా, గుణుపురం దగ్గర పల్లె. బోరు కింద రెండున్నర ఎకరాల్లో దాళ్వా (రబీ) వరి వేస్తున్నాను. వరి వల్లే భూమి వేడెక్కుతోందని, అందుకే సర్కారు వరి మాన్పించి చోళ్ళు (రాగులు) వేయించబోతోందని ఫోన్లలో వీడియో తిరుగుతోంది. ఈలోగా ఒకాయన వచ్చి, మడి ఆరబెడితే కార్బన్ డబ్బులు ఇప్పిస్తానని సంతకాలు అడుగుతున్నాడు. మడి ఆరితే తాలు పడదా? గడ్డి కాల్చిన బూడిదే నేలకు బలం అంటున్నారు, నిజమేనా? – ఒక రైతు

జవాబు: ఆ వీడియో పూర్తిగా అబద్ధమైతే మీరే కొట్టిపారేసేవారు. అందులో కాస్త నిజం కూడా ఉంది, అందుకే ఇంత టెన్షన్.

నీళ్లు నిలిచిన మడిలో కాలు వేయగానే అడుగు నుంచి బుడబుడమని బుడగలు లేస్తాయి కదా, వాటిలో ఎక్కువగా ఉండేది మీథేన్, భూమిని వేడెక్కించే వాయువుల్లో ఒకటి. నీళ్లు కప్పేసిన మట్టికి గాలి అందదు. గాలి లేని చోట బతికే సూక్ష్మజీవులు పాత దుబ్బులను, గడ్డిని కుళ్లబెడుతూ దీన్ని తయారుచేస్తాయి. వరి కాడ లోపల గాలి ఆడే ఖాళీలు ఉంటాయి, మీథేన్‌లో ఎక్కువ భాగం వాటి గుండానే పైకి పోతుంది. మొక్క చేసేది దారి ఇవ్వడమే. మనుషుల పనుల వల్ల వెలువడే మీథేన్‌లో వరి పొలాల వాటా సుమారు 8 నుంచి 10 శాతం. పశువుల వాటా, బొగ్గు, చమురు, సహజవాయువు తవ్వకాల వాటా అంతకంటే చాలా ఎక్కువ. భూమి వేడెక్కడానికి అన్నిటికంటే పెద్ద కారణం బొగ్గు, పెట్రోలు, డీజిల్ కాల్చితే వచ్చే కార్బన్ డయాక్సైడ్. మీ రెండున్నర ఎకరాల మీద నేరం మోపడం న్యాయం కాదు.

వరి మాన్పిస్తారన్నది వట్టి పుకారు. ఒడిశా ప్రభుత్వం 2024–25 సీజన్‌లో క్వింటాలు ధాన్యానికి 2,300 రూపాయల మద్దతు ధర మీద మరో 800 కలిపి 3,100 ఇచ్చింది. మాన్పించాలనుకునే పంటకు ఎవరైనా అదనంగా డబ్బు కడతారా? 2017లో మొదలైన మిల్లెట్ మిషన్ చోళ్ళను ప్రోత్సహిస్తున్న మాట నిజమే గానీ, దాని చూపు ముఖ్యంగా కొండవాలు, మెట్ట భూముల మీద ఉంది.

ఇక మడి ఆరనివ్వడం. నేల నెర్రెలు విచ్చేదాకా ఎండబెట్టమని ఎవరూ చెప్పడం లేదు. అడుగు పొడవు, నాలుగు అంగుళాల వెడల్పు ఉన్న ప్లాస్టిక్ పైపు ముక్క తీసుకోండి, వెదురు బొంగైనా సరే. కింది సగానికి చుట్టూ చిల్లులు పెట్టి, ఆ సగం మట్టిలో దిగేలా గట్టుకు దగ్గరగా పాతండి. లోపల చేరిన మట్టి చేత్తో తీసేయండి. నాటిన మొదటి రెండు మూడు వారాలు పలుచగా నీళ్లు ఉంచాలి, లేకపోతే కలుపు మీ మాట వినదు. తర్వాత నీళ్లు పెట్టడం ఆపి, పైపులోకి చూస్తూ ఉండండి. నీటి మట్టం నేల పైభాగానికి అరడుగు కిందికి దిగినప్పుడు మళ్లీ రెండంగుళాలు పెట్టండి. పైకి మడి ఆరినట్టు కనిపించినా వేళ్ల దగ్గర తడి ఉంటుంది కాబట్టి ఈ హద్దు దాటనంతవరకు దిగుబడి తగ్గదు. తాలు పడేది పూత వేళ నీరు చాలకపోతే. అందుకే పూతకు వారం ముందు నుంచి వారం తర్వాత దాకా మడిలో నీళ్లు తప్పనిసరిగా నిలవాలి. మీ వైపు కరెంటు మాటిమాటికీ పోతుంటే ఆ రోజుల్లో అసలు సాహసం చేయొద్దు.

ఇలా చేస్తే నీరు 15 నుంచి 30 శాతం వరకు ఆదా అవుతుంది, మీథేన్ సుమారు సగానికి తగ్గుతుంది. అయితే ఆరిన మడిలో యూరియా ఎడాపెడా చల్లితే నైట్రస్ ఆక్సైడ్ అనే ఇంకో వాయువు పెరుగుతుంది. అది కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 270 రెట్లు వేడి పెంచుతుంది. యూరియాను విడతలుగా, నీళ్లు పెట్టే ముందు చల్లండి. ఖరీఫ్‌లో మాత్రం ఈ పద్ధతి కోసం పాకులాడకండి, వాన మన చేతిలో లేదు.

బూడిద సంగతికొస్తే, టన్ను వరిగడ్డిలో సుమారు 25 కిలోల పొటాష్, ఐదారు కిలోల నత్రజని, రెండు కిలోల పైచిలుకు భాస్వరం ఉంటాయి. కాల్చితే పొటాష్ చాలావరకు బూడిదలో మిగులుతుంది, మీవాళ్లు చెప్పే బలం అదే. నత్రజని మాత్రం దాదాపు మొత్తం పొగలో పోతుంది, భాస్వరంలో నాలుగో వంతు పోతుంది. అలాగని నాట్లకు ముందు పచ్చి గడ్డిని దమ్ములో తొక్కేయడమూ మంచిది కాదు. మీథేన్ పెరుగుతుంది, నాట్లు కొన్నాళ్లు పసుపెక్కి నిలబడిపోతాయి. పశువులకు పోగా మిగిలింది కంపోస్టు గుంతలో వేయండి.

చివరగా సంతకాలు. తగ్గిన వాయువును లెక్కకట్టి డబ్బు చెల్లించే పథకాలు ఉన్న మాట నిజమే. ఎకరాకు ఎంత, ఎప్పుడు ఇస్తారు, ఒప్పందం ఎన్నేళ్లు, మధ్యలో మానుకుంటే ఏమవుతుంది అన్నవి మీరు చదవగలిగే భాషలో కాగితం మీద ఉంటేనే ముందుకెళ్లండి. అసలు పట్టా ఎవరి చేతికీ ఇవ్వకండి. కాగితాలను మీ కృషి విజ్ఞాన కేంద్రంలో చూపించి అడగండి. ఆయన వచ్చినా రాకపోయినా ఈ దాళ్వాలో ఒక్క మడిలో పైపు పాతి, పక్క మడిని ఎప్పటిలా ఉంచి, కోత తర్వాత రెంటి ధాన్యం విడివిడిగా తూచండి.