డాక్టర్ సలహా: ఎర్రకొండల ఎడారిలో ‘ఈజీ’ నడక... షుగర్, బీపీ ఉన్నవాళ్లు వెళ్లొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 62. మాది ప్రొద్దుటూరు. 15 ఏళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. నాకు షుగర్, బీపీ రెండూ ఉన్నాయి. షుగర్‌కి మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్, డాపాగ్లిఫ్లోజిన్ వాడుతున్నాను. బీపీకి టెల్మిసార్టన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర. మోకాళ్లు అప్పుడప్పుడు పట్టేస్తాయి. మా అబ్బాయి అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, ఫీనిక్స్‌లో ఉంటాడు. జూన్ మొదటి వారంలో మమ్మల్ని సెడోనా తీసుకెళ్లి, గైడ్‌తో ఎర్రకొండల మధ్య మూడు గంటలు నడిపిస్తానంటున్నాడు. ‘ఈజీ ట్రెక్’ అట, ఉదయం తొమ్మిదిన్నరకు మొదలు. మావారికి 68 ఏళ్లు, రెండేళ్ల క్రితం స్టెంట్ వేశారు. కోడలేమో వద్దంటోంది. పుట్టి పెరిగింది రాయలసీమలో, ఎండ మాకు కొత్తా అని నేనంటున్నాను. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: వెళ్లండమ్మా. షుగర్, బీపీ ఉన్నంత మాత్రాన ఇలాంటి నడక మానుకోవాల్సిన పని లేదు. అదుపులో ఉంటే నడక మీకు మంచిదే. కానీ రెండు విషయాలు మార్చుకోవాలి. ఒకటి, తొమ్మిదిన్నర అన్న ఆ టైము. రెండోది, ‘ఎండ మాకు కొత్తా’ అన్న ధీమా. నన్ను ఎక్కువ భయపెట్టింది ఈ రెండోదే.

ఎండకు అలవాటు పడటం అనేది పుట్టుకతో వచ్చి ఉండిపోయేది కాదు. రోజూ వేడిలో కొంతసేపు పనిచేస్తే వారం, రెండు వారాల్లో శరీరం సర్దుకుంటుంది. చెమట త్వరగా పట్టడం మొదలవుతుంది, ఆ చెమటలో ఉప్పు తక్కువగా పోతుంది, గుండె మీద భారం తగ్గుతుంది. ఎండలో తిరగడం మానేస్తే నెల తిరిగేసరికి ఆ అలవాటు చాలావరకు పోతుంది. మీరు 15 ఏళ్లుగా బెంగళూరు వాతావరణంలో ఉన్నారు. ప్రొద్దుటూరులో మే నెల ఎండలో తిరిగిన శరీరం ఇప్పుడు మీకు లేదు. పైగా అరవై దాటాక దాహం వేయాల్సినంతగా వేయదు. షుగర్ చాలా ఏళ్లుగా ఉంటే నరాలు దెబ్బతిని కాళ్లలో చెమట పట్టడం కూడా తగ్గవచ్చు. అంటే వేడిని బయటికి పంపే దారులు ఒక్కొక్కటే ఇరుకవుతాయన్నమాట.

సెడోనా సముద్రమట్టానికి సుమారు 1,300 మీటర్ల ఎత్తున ఉంది. మన బెంగళూరు 900 మీటర్లు. కాబట్టి ఎత్తు వల్ల మీకు ఇబ్బంది రాదు. అక్కడి నుంచి గ్రాండ్ కెన్యాన్ కూడా చూపిస్తానని మీ అబ్బాయి అంటే మాత్రం, దాని దక్షిణపు అంచు 2,100 మీటర్ల దాకా ఉంటుంది, అక్కడ మెట్లెక్కితే కాస్త ఆయాసం వస్తుంది, నెమ్మదిగా నడవండి.

అసలు చిక్కు ఎత్తుతో కాదు, పొడి గాలితో. జూన్‌లో సెడోనాలో మధ్యాహ్నం 35 డిగ్రీల దాకా ఉంటుంది, ఫీనిక్స్‌లో 40 దాటుతుంది. ఆ ఇసుకరాయికి ఎర్రదనం ఇచ్చింది దానిలోని ఇనుము తుప్పు. చూడటానికి ఎంత బాగుంటుందో, ఎండెక్కాక అంత వేడిని మీ మీదికి కొడుతుంది. గాలిలో తేమ బాగా తక్కువ. మే నెల మధ్యాహ్నం మీ ఊళ్లో మేడ మీద ఆరేసిన చీర కాసేపటికే పెళపెళలాడినట్టు, మీ ఒంటి మీద చెమట పట్టీ పట్టకముందే ఆరిపోతుంది. చెన్నైలో పది నిమిషాలు నడిస్తే జాకెట్టు తడిసి ముద్దవుతుంది, ఒంట్లో నీళ్లు పోతున్నాయని తెలుస్తుంది. అక్కడ బట్టలు పొడిగానే ఉంటాయి. ‘చెమటే పట్టలేదు, నాకేం కాలేదు’ అనుకుంటూ నడుస్తూనే ఉంటారు. ఈలోగా గంటకు అర లీటరు, లీటరు నీళ్లు ఒంట్లోంచి పోయి ఉంటాయి.

అందుకే టైము మార్చమంటున్నాను. గ్రాండ్ కెన్యాన్ పార్కు సిబ్బంది (రేంజర్లు) వేసవిలో ఉదయం 10 నుంచి సాయంత్రం 4 వరకు నడవొద్దని చెబుతారు. మీ నడక 9.30కి మొదలైతే దాదాపు మొత్తం ఆ సమయంలోనే పడుతుంది. జూన్‌లో అక్కడ ఐదు దాటగానే తెల్లారుతుంది. ఐదున్నర, ఆరు మధ్య బయల్దేరి ఎనిమిదిన్నరకల్లా వెనక్కి వచ్చేలా గైడ్‌తో మాట్లాడమనండి. పొద్దున్నే లేవడం కష్టమని అబ్బాయి అనొచ్చు గానీ, మీకు కష్టం కాదు. అరిజోనా మనకంటే పన్నెండున్నర గంటలు వెనక ఉంటుంది. వెళ్లిన కొత్తలో తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి కూర్చుంటారు. అయితే దిగిన మర్నాడే ట్రెక్‌కు వెళ్లొద్దు. కనీసం నాలుగైదు రోజులు ఆగి, ఉదయం పూట ఇంటి చుట్టుపక్కల నడుస్తూ ఆ గాలికి అలవాటు పడండి. టూర్‌ని అక్టోబరుకు జరపగలిగితే ఇంకా మేలు.

‘ఈజీ’ అన్న మాట చూసి నిశ్చింతగా ఉండకండి. దారి సులువని చెప్పారే తప్ప నడిచేవాళ్లకు సులువని ఎవరూ చెప్పలేదు. దూరం తక్కువైతే సులువనుకోవడమూ పొరపాటే. సెడోనాలో కెథీడ్రల్ రాక్ దారి పోను రాను రెండు కిలోమీటర్లకు అటూ ఇటూ. కానీ నిటారుగా ఉంటుంది, కొన్నిచోట్ల చేతులతో పట్టుకుని ఎక్కాలి. మీ మోకాళ్లకు అది వద్దే వద్దు. బెల్ రాక్ పాత్‌వే అయితే వెడల్పుగా, చాలావరకు చదునుగా ఉంటుంది. బుక్ చేసిన వాళ్లను మూడు సంగతులు అడగమనండి: ఎన్ని మైళ్లు, ఎన్ని అడుగుల ఎక్కుడు, మధ్యలో వెనక్కి తిరగొచ్చా.

ఇక మందుల సంగతి. ఇది జాగ్రత్తగా చదవండి, వీలైతే ఈ భాగాన్ని మీ డాక్టర్‌కి కూడా చూపించండి.

మీ బీపీ మాత్రలోని హైడ్రోక్లోరోథయజైడ్ నీళ్ల మాత్ర. మూత్రం ద్వారా నీటిని, ఉప్పును బయటికి పంపడమే దాని పని. డాపాగ్లిఫ్లోజిన్ చక్కెరను మూత్రంలోకి పంపుతుంది, దాంతోపాటు నీళ్లూ పోతాయి. అంటే చెమట కాకుండా ఇంకో రెండు వైపుల నుంచి నీళ్లు పోతున్నాయి. మధ్యలో కూర్చుని లేవగానే కళ్లు తిరగడం, తూలి పడటం ఇందువల్లే జరుగుతాయి. నడిచే రోజు ఈ రెండింటినీ వేసుకోవాలా, తిరిగొచ్చి బాగా నీళ్లు తాగాక వేసుకోవాలా అన్నది మీకు మందు రాసిన డాక్టరే చెప్పాలి, కాగితం మీద రాయించుకోండి. మీ అంతట మీరు ఆపేయొద్దు. ఏ రోజైనా వాంతులయ్యి, తిండి సరిగా తినలేకపోతే మాత్రం డాపాగ్లిఫ్లోజిన్ వేసుకునే ముందు డాక్టర్‌కి ఫోన్ చేయాల్సిందే. అలాంటప్పుడు రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు తయారయ్యే ఆమ్లాలు) పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. షుగర్ రీడింగ్ మామూలుగానే ఉండి మోసం చేస్తుంది.

గ్లిమిపిరైడ్‌తో వచ్చే ప్రమాదం ఇంకో రకం. తెల్లవారుజామున లేచి, మాత్ర వేసుకుని, ‘వచ్చాక తిందాంలే’ అని నడక మొదలుపెడితే దారిలోనే షుగర్ పడిపోతుంది. ముందు తినాలి. రెండు ఇడ్లీలో, ఓట్సో, ఏదో ఒకటి. బయల్దేరే ముందు రీడింగ్ 100 కంటే తక్కువుంటే ఇంకొంచెం తిని, కాసేపాగి మళ్లీ చూసుకున్నాకే కదలండి. 250 పైన ఉండి నీరసంగా అనిపిస్తే ఆ రోజు మానుకోండి. గ్లూకోజ్ పొడి బ్యాగు అడుగున కాకుండా, చేతికందే జేబులో ఉండాలి. వణుకు, చెమట, గుండె దడ వస్తే మూడు చెంచాల పొడి నీళ్లలో కలిపి తాగి, పావుగంట తర్వాత మళ్లీ షుగర్ చూసుకోవాలి. మీటరు, స్ట్రిప్పులు ఆపి ఉంచిన కారులో వదిలేయకండి. ఆ వేడికి అవి తప్పు రీడింగులు చూపిస్తాయి.

మోకాళ్ల నొప్పికి ముందుజాగ్రత్తగా డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి బిళ్ల వేసుకుని బయల్దేరడం చాలామందికి అలవాటు. అది మీరు చేయనే కూడదు. టెల్మిసార్టన్, నీళ్ల మాత్ర, దానికి తోడు నొప్పి బిళ్ల, పైన ఒంట్లో నీళ్లు తగ్గడం... ఇవన్నీ కలిస్తే కిడ్నీలు ఒక్కరోజులోనే దెబ్బతినవచ్చు. మరీ నొప్పిగా ఉంటే పారాసిటమాల్ చాలు. ప్రయాణానికి ముందు ఒకసారి క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), సోడియం, పొటాషియం, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) చూపించుకోండి.

నీళ్ల విషయంలో మన ఆడవాళ్లు చేసే పని ఒకటుంది. దారిలో టాయిలెట్ ఉండదని పొద్దున్నుంచే నీళ్లు తాగడం తగ్గించేస్తారు. దయచేసి అలా చేయకండి. బయల్దేరే చోట టాయిలెట్ ఎక్కడుందో గైడ్‌ను ముందే అడగడంలో తప్పేమీ లేదు. ఒక్కొక్కరికి రెండు లీటర్లు మోసుకెళ్లండి, పావుగంటకోసారి నాలుగు గుక్కలు తాగండి. సగం నీళ్లు అయిపోయాయంటే, ఎంత దూరం వచ్చినా వెనక్కి తిరగాల్సిందే. అలాగని ఒకేసారి లీటర్లకు లీటర్లు వట్టి నీళ్లు తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది, నీళ్ల మాత్ర వాడేవాళ్లకు ఆ భయం ఇంకా ఎక్కువ. మధ్యలో కాసిని ఉప్పు పల్లీలో, రెండు మురుకులో తినండి. బీపీ ఉంది కదా, ఉప్పు ఎలా అంటారేమో, ఆ రెండు మూడు గంటలకు ఫరవాలేదు. ఓఆర్ఎస్ ఇక్కడి నుంచే తీసుకెళ్లండి, ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉన్నదే కొనండి. ఇవన్నీ గుండె, కిడ్నీ బాగున్నవాళ్లకు చెబుతున్న లెక్కలు. మీవారికి రోజుకు ఇన్నే నీళ్లు తాగాలని ఎవరైనా చెప్పి ఉంటే, ఆయన లెక్క ఆయన కార్డియాలజిస్టే చెప్పాలి.

మీవారి గురించి ఇంకో మాట. రెండేళ్ల నాటి స్టెంట్, రోజూ అరగంట వాకింగ్‌లో ఛాతీ నొప్పి గానీ ఆయాసం గానీ లేదంటే సాధారణంగా అభ్యంతరం ఉండదు. అయినా వెళ్లే ముందు ఒక ఈసీజీ, అవసరమంటే ఎకో (గుండె స్కాన్), ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకోవాలి. నాలుక కింద పెట్టుకునే మాత్ర చొక్కా జేబులో ఉండాలి. గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ వాడుతుంటే, ఆయన నాడి చూసి అలసటను అంచనా వేయలేం. నడుస్తూ ఒక పూర్తి వాక్యం మాట్లాడగలుగుతున్నారా లేదా అన్నదే గుర్తు.

ఇప్పటి నుంచే సాధన మొదలుపెట్టండి. చదును రోడ్డు మీద వాకింగ్ సరిపోదు, మోకాళ్లకు అసలు పరీక్ష దిగేటప్పుడే. మనకు బెంగళూరులో లాల్‌బాగ్ బండ ఉంది కదా, 300 కోట్ల ఏళ్ల నాటి రాయి అంటారు, దాని మీద కెంపేగౌడ బురుజు దాకా వారానికి మూడు రోజులు ఎక్కి దిగండి. ఏటవాలు రాతి మీద పాదం ఎలా ఆనించాలో అక్కడ తెలుస్తుంది. ట్రెక్‌లో వేసుకునే బూట్లే వేసుకుని వెళ్లండి. చేతికర్రలు రెండు కొనుక్కోండి, దిగేటప్పుడు మోకాలి మీద బరువు తగ్గుతుంది. పాదాల్లో స్పర్శ తగ్గిందేమో డాక్టర్‌కి చూపించుకోండి. అక్కడి నాగజెముడు జాతి మొక్కల ముళ్లు వెంట్రుకంత సన్నంగా ఉంటాయి, గుచ్చుకున్నా మీకు తెలియకపోవచ్చు. ఇంటికొచ్చాక వేళ్ల సందులతో సహా చూసుకోవాలి. రాళ్ల సందుల్లో, కంటికి కనిపించని చోట చెయ్యి పెట్టకండి, అక్కడ గిలకపాములుంటాయి (తోకతో గిలక చప్పుడు చేసే విషపు పాములు).

గైడ్ ఇచ్చే ఫారంలో షుగర్, బీపీ, స్టెంట్ అన్నీ నిజంగా రాయండి. చెబితే తీసుకెళ్లరేమోనని దాచేవాళ్లను చూసి నాకు నిజంగా బాధేస్తుంది. షుగర్ పడిపోయినా, ఎండదెబ్బ తగిలినా మనిషి ఒకేలా తూలుతాడు, ఒకేలా తికమకగా మాట్లాడతాడు. మీకు షుగర్ ఉందని తెలియని గైడ్ వట్టి నీళ్లిచ్చి ఊరుకుంటాడు. అందరూ ముందుకెళ్లిపోతున్నారు, నా వల్ల ఆలస్యమవుతోందని మొహమాటపడి అడుగులు లాగించకండి. తలనొప్పి, వికారం, కండరాలు పట్టేయడం మొదలైతే వెంటనే నీడలో కూర్చోండి. మాట తడబడుతోంది, ఒళ్లు కాలిపోతోంది అంటే అది వడదెబ్బ. అక్కడి అత్యవసర నంబరు 911కి ఫోన్ చేసి, బట్టలు వదులు చేసి, ఒంటి మీద నీళ్లు పోస్తూ విసురుతూనే ఉండాలి. పారాసిటమాల్ దానికి పనిచేయదు. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు. ఈ మాటలు మీ అబ్బాయికి, కోడలికి కూడా చదివి వినిపించండి. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడూ ఏ జబ్బూ దాచొద్దు.

తిరిగొచ్చాక హాయిగా భోంచేసి పడుకుంటారు. ఎక్కువ నడిచిన రోజు షుగర్ రాత్రి పూట కూడా పడిపోవచ్చు. పడుకోబోయే ముందు ఒకసారి చూసుకోండి. 100 కంటే తక్కువుంటే ఒక గ్లాసు పాలు, రెండు బిస్కెట్లు తీసుకుని, ఆ రాత్రి గ్లిమిపిరైడ్ డోసు ఉంటే అది వేసుకోవాలో వద్దో డాక్టర్‌కి మెసేజ్ పెట్టి అడగండి. అక్కడ రాత్రి పదంటే ఇక్కడ ఉదయం పదిన్నర, డాక్టర్ అందుబాటులోనే ఉంటారు.